పాత రేడియో శక్తివర్ధకము: దాని పునరుద్ధరణము



రేడియో అనగానే మనకు వినెడు పెట్టెయే జ్ఞప్తికి వచ్చును. అది వినుటకే గాని మాటాడుటకు పనికిరాదు. వినుటకును మాటాడుటకును పనికివచ్చు రేడియోలు వేరుగా కలవు. ప్రభుత్వము నడపు పరీక్షలో కృతార్థులై, అనుమతిపత్రము పొంది, లాభాపేక్ష లేక, విద్యాభిరుచిచేతను స్నేహముచేతను అట్టి రేడియోలతో దేశదేశములవారితో సంభాషించువారిని అమెచ్యూరు రేడియోవారందురు. వారికే వాడుకలో ‘హాము’లని పేరు.

ఇది ప్రొద్దుపుచ్చుకొను వేడుక మాత్రమే యని తలంపవలదు. 2004వ సంవత్సరము డిసెంబరు నెలలో హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాదుగారి నాయకత్వమున ఒక బృందము అండమాను దీవులకు పోయి, పోర్టు బ్లెయిరునుండి రేడియో నడపుచుండెను. ఆ నెల 26వ తేదీన సునామీ వచ్చినది. మామూలు వార్తాసౌకర్యములు దెబ్బతిన్న ఆ సమయమున, వేడుకకై తీసికొనిపోయిన ఆ రేడియోలే ఆపన్నుల క్షేమవార్తలను ప్రధానభూమికి చేరవేసినవి. తంత్రులు తెగినపుడు గాలిలో పోవు మాట యొక్కటే నిలుచును. ఆ మాటకు బలము చేకూర్చు యంత్రమొకటి కలదు. దానిని గూర్చియు, ఇతరులు వాడి విడిచిన పాత యంత్రమును మరల పనికి వచ్చునట్లు చేయు విధమును గూర్చియు నేడు మనవి చేయుదును.

ఆ యంత్రమునకు ఆంప్లిఫైయరని పేరు. తెలుగున శక్తివర్ధకమనవచ్చును. హాముల బల్లమీద నుండు రేడియో సామాన్యముగా 100 వాట్ల శక్తితో మాటను పంపును. ఆ 100 వాట్లను పుచ్చుకొని 500, 600, 1000 వాట్లుగా పెంచి ఏరియలు తీగెకు అందించుటయే శక్తివర్ధకము పని. క్రొత్తవి మిక్కిలి వెల గలవి. కాబట్టి ఇరువది ముప్పది యేండ్లు ఒకరి యింట పనిచేసి, మరి కొన్నియేండ్లు అటకమీద పడియున్న వానిని కొని బాగుచేసికొనుట లోకమంతట హాములకు అలవాటు.

ఉదాహరణమునకు ఒక్క యంత్రమును తీసికొందము. అమెరికా దేశమున మిచిగాన్ రాష్ట్రములో బెంటన్ హార్బరను పట్టణమున హీత్ కంపెనీ యని యొకటి యుండెడిది. మొదట ఎడ్వర్డ్ హీత్ అనునతడు దానిని విమానముల కంపెనీగా నెలకొల్పి, చిన్న విమానములను విడిభాగములుగా అమ్మెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఆ కంపెనీ, సైన్యము వదలివేసిన ఎలక్ట్రానిక్ సామగ్రిని కొని, విడిభాగములను పెట్టెలో సర్ది, అమర్చు విధమును తెలుపు పుస్తకముతో గూడ అమ్మజొచ్చెను. 1947లో వచ్చిన ఆసిలోస్కోపుతో ఈ వ్యాపారము ప్రారంభమైనది. కొన్నవాడు తన యింటనే కూర్చుండి మాటువేసి యంత్రమును పూర్తిచేసికొనును. ఈ కంపెనీ 1964లో ఎస్‌బీ-200 అను శక్తివర్ధకమును వెలువరించెను. విడిభాగముల వెల సుమారు 200 డాలర్లు. పలు దేశముల హాములు దానిని కొనిరి. 1992లో కంపెనీవారు ఇట్టి విడిభాగముల పెట్టెలను అమ్ముట మానివేసిరి. కాని వారి యంత్రములు మానలేదు. అరువదియేండ్ల నాటివి నేటికిని పనిచేయుచున్నవి. ఒక్కొక్కటి చేయి మారి మూడవవానికో నాలుగవవానికో చేరియుండును.

ఇందులో రెండు గాజు వాల్వులు కలవు. వాని సంఖ్య 572-బి. వాల్వు పనిని చెరువు తూముతో పోల్చవచ్చును. చెరువులో నీరు ఎంతయో బరువుతో నిలిచియుండును. నీరుకట్టువాడు తూము కొయ్యను జానెడు పైకెత్తినచో కాలువ నిండ నీరు పారును, దింపినచో ఆగిపోవును. కొయ్యనెత్తు బలము కొంచెము, పారు నీటి బలము అధికము. వాల్వులో ఎఱ్ఱగా కాలు ఫిలమెంటు తీగెనుండి విద్యుత్కణములు బయలువెడలి, ప్లేటు అను రేకువైపు పరుగిడును. నడుమనున్న గ్రిడ్డు అను జల్లెడ తూముకొయ్య వంటిది. మనము పంపు చిన్న సంకేతమును బట్టి ప్రవాహము హెచ్చి తగ్గుచు, ఆ సంకేతమే పెద్ద రూపున ప్లేటునుండి వెలువడును. చెరువు నిండియుండవలెను గదా. ఇచట చెరువు మట్టము 2,400 వోల్టులు. మన యిండ్లలోని దీపములకు వచ్చునది 230. అనగా పది రెట్లకు మించినది. ఈ యంత్రముయొక్క ఉపయోగమంతయు ఈ 2,400లోనే యున్నది. ప్రాణాపాయమంతయు ఇందులోనే యున్నది.

ఆ వోల్టులు ఎట్లు పుట్టునో కొంచెము తెలిసికొనుట యవసరము. గోడలోని విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరు పెంచును. విద్యుత్తు ముందునకును వెనుకకును ఊగుచుండును. డయోడు లనునవి ఒకవైపే పోనిచ్చు తలుపులు. ఒక ఊపులో మూడు కండెన్సర్లు నిండును; ఎదురు ఊపులో మరి మూడు నిండును. రెండు ఏతములు వంతులు వేసికొని రెండు తొట్లను నింపుచున్నట్లు భావింపుడు. ఆ యారు కండెన్సర్లును ఒకదానిపై నొకటి వరుసగా కలుపబడి యుండుటచేత, ఒక్కొక్కదానియందు 400 వోల్టుల చొప్పున మొత్తము 2,400 అగును. ఒక్కొక్క కండెన్సరు 125 మైక్రోఫారడులది. 450 వోల్టుల వరకు ఓర్చునది. ప్రతి కండెన్సరునకు ప్రక్కన 30,000 ఓముల రెసిస్టరొకటి యుండును. దాని పనులు రెండు: ఆరింటికిని వోల్టులు సమానముగా పంచునట్లు చూచుట, యంత్రము నార్పిన పిదప నిలువయున్న విద్యుత్తును మెల్లగా ఖాళీచేయుట. రెండవ పనిని మరువకుడు. మనుష్యుని ప్రాణము దానిమీద ఆధారపడి యున్నది.

ఇక యంత్రము పాతబడుట యననేమి? ఇనుపపెట్టె చెడదు, ట్రాన్స్‌ఫార్మరు సామాన్యముగా చెడదు. మొదట చెడునవి కండెన్సర్లు. వానిలో అల్యూమినియము రేకులును, తడిసిన కాగితమును చుట్టబడి యుండును. రేకుమీద మిక్కిలి పలుచని పొర యొకటి విద్యుత్తును అడ్డగించుచుండును. ఏండ్ల తరబడి వాడనిచో ఆ పొర క్షీణించును. లోపలి తడి ఆరిపోవును. గట్టున పడియుండిన పడవను చూచియున్నారు గదా. కొయ్య ఎండి, అతుకులు విడి, నీటిలో దింపినంతనే కారుటకు మొదలిడును. మెల్లమెల్లగా తడిపినచో కొయ్య ఉబ్బి కొంతవరకు సరిపడును. కండెన్సరును గూడ కొద్ది వోల్టులతో ప్రారంభించి గంటల తరబడి పెంచుచు పోయినచో పొర మరల ఏర్పడును. కాని లోపలి తడి యారిపోయినదానికి ఈ చికిత్స పనికిరాదు. పుచ్చిన కొయ్యను తడిపి ప్రయోజనమేమి? నలుబది యేబది యేండ్లనాటి కండెన్సర్లను తీసివేసి క్రొత్తవి పెట్టుటయే తెలివి.

ఇందులో మరియొక మర్మమున్నది. ఆ 30,000 ఓముల రెసిస్టర్లు ఒక్కొక్కటి 5 వాట్లకు మించిన వేడిని పుట్టించును. ఆరును కలిసి 32 వాట్లు. కండెన్సర్ల ప్రక్కనే చిన్న కుంపటి పెట్టినట్లయినది. ఆ వేడియే వానిని ఎండబెట్టినది. కావున నేడు బాగుచేయువారు లక్ష ఓములు గలవి, 400 వోల్టులకు మించి ఓర్చునవి తెచ్చి పెట్టుచున్నారు. అపుడు ఒక్కొక్కదానినుండి పుట్టు వేడి ఒకటిన్నర వాట్లకు కొంచెము మించియుండును. కండెన్సర్లను గూడ 220 మైక్రోఫారడులవి పెట్టుట వాడుకయైనది. ఇది మంచి మార్పే. కాని మంచి మార్పునకును ఒక వెల యుండును. పాత అమరికలో, అన్నియు సరిగా నున్నయెడల, యంత్రము నార్పిన 15 సెకనులలో 2,400 వోల్టులు 50కి దిగిపోవును. క్రొత్త అమరికలో అందుకు ఒకటిన్నర నిమిషము పట్టును. పాత అలవాటు చొప్పున పది పదునైదు లెక్కించి చేయి పెట్టినవానికి, అప్పటికింకను వేయి వోల్టులకు మించియే ఎదురగును. ఒకచోట బాగుచేసినపుడు మరియొకచోట అలవాటును గూడ మార్చుకొనవలెను.

ఇంతకును ఆ యారు పాత కండెన్సర్లలో నిలువయుండు శక్తి యెంత? ఆరు కిలోగ్రాముల బరువును మీటరు ఎత్తునకు ఎత్తుటకు చాలినంత. సుమారు 60 జౌళ్లు. ఇంతేనాయని నవ్వవలదు. ఆ శక్తి కన్ను మూసి తెరచునంతలో ఒక చేతినుండి మరియొక చేతికి గుండె మీదుగా పోయినచో గుండె లయ తప్పును. ట్రాన్స్‌ఫార్మరు తగిలియుండగా తాకినచో శక్తికి అంతమే లేదు. ఈ యంత్రమును ముట్టువాడు కొన్ని నియమములను వ్రతమువలె పాటింపవలెను.

మొదటిది, మీట నొక్కి ఆర్పుట చాలదు. తీగెను గోడనుండి ఊడబెరికి, ప్లగ్గును కంటికి ఎదుట పెట్టుకొనవలెను. రెండవది, ఆగవలెను. ఎస్‌బీ-200 ముందువైపు గడియారమువంటి మీటరు కలదు. దానిని హెచ్చు వోల్టుల స్థానమున నుంచి, ముల్లు సున్నకు దిగువరకు చూడవలెను. మూడవది, ముల్లును గూడ నమ్మరాదు. మీటరే చెడియుండవచ్చును, రెసిస్టరు తెగియుండవచ్చును. ఫైబరువంటి విద్యుత్తు పారని పొడుగుపాటి కర్రకు చివర ఇత్తడి కొక్కెము తగిలించి, దానిని కొన్నివేల ఓముల గట్టి రెసిస్టరు ద్వారా పెట్టె ఇనుమునకు కలిపి, ఆ కొక్కెముతో కండెన్సర్ల పై కొసను తాకింపవలెను. పిదప రెసిస్టరు లేని తీగెతో తాకించి, ఆ తీగెను పని ముగియువరకు అట్లే యుంచవలెను. ఏలననగా, పిండి ఆరవేసిన ముతక దుప్పటి కొంతసేపటికి మరల కొస నీరు కార్చునట్లు, ఖాళీచేసిన కండెన్సరును తనంతట తాను కొంత వోల్టును మరల కూడబెట్టుకొనును. ఈ కర్రకు వెదురు పనికిరాదు, తడిసిన కొయ్య పనికిరాదు. స్క్రూడ్రైవరుతో తాకించి ఢామ్మను చప్పుడు వినుట మొనగాడితనము కాదు. దానిచేత ముక్కలెగిరి కన్ను పోవచ్చును.

నాల్గవది, ఎడమచేయి వీపువెనుక నుంచుకొని కుడిచేతితోనే తాకవలెను. రెండు చేతులు పెట్టినచో గుండె దారిలో పడును. ఐదవది, ఉంగరములు, మొలత్రాడు, చేతిగడియారము తీసివేయవలెను. తడినేలమీద వట్టికాళ్లతో నిలువరాదు. ఆరవది, ఒంటరిగా నీ పని చేయరాదు. ప్రక్కనున్నవానికి యంత్రవిద్య రానక్కరలేదు. విద్యుత్తు ఎచట ఆపవలెనో తెలిసిన చాలును. ఏడవది, అలసియున్నపుడును కోపముతో నున్నపుడును మూత తెరవరాదు.

ఇక కొనునపుడు చూడవలసిన సంగతులు. యంత్రమునకు ప్రాణము ట్రాన్స్‌ఫార్మరు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడుడు. కాలిన వార్నీషు కంపు కొట్టినచో బేరము మానుకొనుడు. మిగిలినవన్నియు మార్చుకొనవచ్చును గాని, దానికి సరిపడు ట్రాన్స్‌ఫార్మరు దొరకుట కష్టము. తరంగములను మార్చు బ్యాండు స్విచ్చు బిళ్లలమీద నల్లని కాలిన గుర్తులున్నవేమో చూడుడు. వాల్వుల గాజు పగులకుండ నున్నదేమో చూడుడు. 572-బి వాల్వులు తరువాతి కాలమున చైనాలోను తయారైనవి గావున, అవి పోయినను యంత్రము పనికిరానిది కాదు, వెల మాత్రము తగ్గింపవలెను. ఇది ఇంట కూర్చినది గావున, అన్ని యంత్రములు నొక్కతీరుగా నుండవు. ఒకని మాట్లు వెండిచుక్కలవలె మెరయుచుండును. మరియొకని మాట్లు మసకబారి, ముద్దకట్టి, తీగెను పట్టియు పట్టకయు నుండును. పాత్రలకు మాటువేయించిన మీకు ఈ భేదము చెప్పనక్కరలేదు. తోడుగా అమర్చు పుస్తకమున్నచో దానికై కొంత ఎక్కువయిచ్చినను నష్టము లేదు. ప్రతిచోట ఎన్ని వోల్టులుండవలెనో అందు వ్రాసియుండును.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి. అమెరికాలో గోడ విద్యుత్తు 120 వోల్టులు, మనకు 230. ఈ యంత్రము రెంటికిని పనికివచ్చును. ట్రాన్స్‌ఫార్మరుకు గోడవైపు రెండు చుట్టలున్నవి. వానిని ప్రక్కప్రక్కన కలిపినచో 120కి, ఒకదాని వెంట నొకటి కలిపినచో 240కి సరిపోవును. సముద్రము దాటివచ్చిన యంత్రమును, కలుపు తీరు చూడక మన గోడకు తగిలించినచో, లోపల అన్ని వోల్టులును రెట్టింపగును. సంపాదించిన సొమ్ము క్షణములో పొగయగును. కావున మొదట చూడవలసినది ఇదే.

ఇక పనిక్రమము. మొదట దుమ్ము దులుపవలెను. ఇది చిన్నపనిగా తోచును గాని, దుమ్మును చెమ్మయు కలిసినచోట 2,400 వోల్టులు దారి చేసికొని మెరయును. ఎలుకగూడు, బొద్దింకల పెంటిక యున్న తీసివేయవలెను. ఫ్యాను ఇరుసునకు తేలికనూనె వేయవలెను. ఫ్యాను తిరుగనిచో వాల్వుల యాయువు చాలించినదే. పిదప కండెన్సర్లను, రెసిస్టర్లను మార్చవలెను. కండెన్సరునకు ధన ఋణ కొసలు వేరువేరుగా నుండును. తలక్రిందుగా పెట్టినచో పగిలి పేలును. కనుక విప్పకమునుపే పాత అమరికను కాగితముమీద బొమ్మవేసికొనుట మేలు. డయోడులను ఒక్కొక్కటిగా పరీక్షించి, అనుమానమున్నచో అన్నింటిని వేయి వోల్టులకు ఓర్చు నేటి డయోడులతో మార్చవలెను.

రిలే అను విద్యుత్ మీట వినుటకును పలుకుటకును దారి మార్చుచుండును. దాని బిళ్లల నడుమ తెల్లకాగితపు పేలికను ఉంచి లాగినచో మురికి వచ్చును. ఆకురాయితో రాయరాదు, వెండిపూత పోవును. ఇచట క్రొత్తరేడియోలు గలవారికి ఒక హెచ్చరిక. ఈ రిలేను నడుపు తీగెయందు నూరు వోల్టులకు మించి యుండును. 1964 నాటి రేడియోలు దానిని ఓర్చినవి. నేటి రేడియోలలోని సున్నితమైన ట్రాన్సిస్టరులు ఓర్చుకొనలేవు. రెంటినడుమ మధ్యవర్తిగా చిన్న మీట యొకటి పెట్టనిదే కలుపరాదు. వృద్ధునకును బాలునకును మాట కుదుర్చుటకు నడివయసువా డొకడు కావలసినట్లే.

మరి రెండు చేర్పులు మేలుచేయును. యంత్రమును వెలిగించిన మొదటి క్షణమున ఖాళీ కండెన్సర్లు ఒక్కపెట్టున విద్యుత్తును త్రాగును. గోడతీగెలో ఒక రెసిస్టరు నుంచి, క్షణము గడచిన పిదప అది తప్పుకొనునట్లు చేసినచో ఆ తాకిడి తగ్గును. రెండవది, హెచ్చు వోల్టుల తీగెలో 25 ఓముల గట్టి తీగెచుట్ట రెసిస్టరు పెట్టుట. వాల్వులో ఎప్పుడైన మెరుపు తగిలినచో, దానివలన ప్రవాహము నూరు ఆంపియరులకు లోపల ఆగును. లేనియెడల ఇంకను ఎంతో హెచ్చి, వాల్వులను డయోడులను ఒక్కసారిగా మింగివేయును. నేలతీగెయు నుండవలెను, మూడుకాళ్ల ప్లగ్గు పెట్టి, మూడవ కాలిని పెట్టె ఇనుమునకు గట్టిగా కలుపవలెను.

ఇన్నియు చేసి తొందరపడి వెలిగింపరాదు. మొదట వాల్వులను తీసి, మూత బిగించి, గోడతీగెలో 100 వాట్ల పాతతరహా దీపపుబుడ్డి నొకదానిని నడుమ నుంచవలెను. వెలిగించినపుడు బుడ్డి మెరిసి, కండెన్సర్లు నిండినకొలది మసకబారినచో లోపల నేరము లేదు. తగ్గక నిండుగా వెలుగుచున్నచో లోపల ఎచటనో అడ్డదారి యున్నది. వెంటనే ఆపి, నియమములన్నియు మరల పాటించి వెదుకవలెను. కొద్ది వెల గల బుడ్డి పెద్ద వెల గల ట్రాన్స్‌ఫార్మరునకు కావలి. పిదప వాల్వులను పెట్టి, ట్రాన్స్‌ఫార్మరు హెచ్చు వోల్టుల చుట్ట కొసను ఊడదీసి, దానికి విద్యుత్తు తగులనట్లు తొడుగువేసి, ఫిలమెంటులను మాత్రము కొన్నిగంటలు వెలుగనీయవలెను. ఏండ్లు నిద్రించిన వాల్వునకు ఇది మేలుకొలుపు. అటుపిమ్మట ఆ కొసను కలిపి, సంకేతమేమియు నీయక, చప్పుళ్లు వినుచు, మీటరులోని అంకెలను పుస్తకములోని అంకెలతో సరిచూడవలెను. కడపట, ఏరియలునకు బదులు శక్తిని వేడిగా మార్చి మ్రింగు బొమ్మభారమును తగిలించి, కొద్ది సంకేతముతో మొదలిడి, పది సెకనులకు మించకుండ పలికించుచు, రెండు త్రిప్పుడుబిళ్లలను సరిచేయవలెను. గ్రిడ్డు ప్రవాహము పుస్తకము చెప్పిన మేర దాటినచో ఆగవలెను. వాల్వులు చెడునది సామాన్యముగా ముసలితనముచేత కాదు, సరిచేయుటలో ఆలస్యముచేత.

ఇంతకును ఫలమెంతయని పెద్దలైన మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఈ యంత్రము 100 వాట్లను సుమారు 600 చేయును. కాని శక్తి నాలుగురెట్లయిననే, అవతలివాని రేడియో ముల్లు ఒక్క గుర్తు పైకి పోవునని లెక్క. అనగా ఆరురెట్లకు ఒక్క గుర్తును, కొంచెమును. ఏరియలు మంచిది కట్టనివాడు ముందు దానిని కట్టవలెను. అది పంపునపుడే గాక వినునపుడును తోడ్పడును. వినలేనివాడు కేక పెద్దది చేసి ఏమి లాభము? ఐనను ఆ ఒక్క గుర్తు వృథాయని చెప్పరాదు. అవతలివాని చెవిలో గాలిమోత మనమాట రెండును సమానముగా నున్నపుడు, ఆ ఒక్క గుర్తే మాటను మోతనుండి విడదీయును. తుపానురాత్రి ఒక్క ఊరిపేరు తెలియుటకును తెలియకపోవుటకును భేద మంతమాత్రమే.

చట్టమును మరువరాదు. అమెరికాలో హాములకు గరిష్ఠముగా 1,500 వాట్లవరకు అనుమతి కలదు. మనదేశమున జనరల్ తరగతి అనుమతిపత్రము గలవారికి మేర 400 వాట్లు. కావున 600 ఈయగల యంత్రమును మనవారు తగ్గించియే నడపవలెను. ఇందువలన నష్టమేమియు లేదు. బలమున్న ఎద్దును బరువు తగ్గించి కట్టినచో ఎక్కువకాలము బ్రతుకును. అనుమతిపత్రము లేనివాడు ఇట్టి యంత్రమును గాలిలోనికి పలికించుట నేరము.

కడపట ఒక్కమాట. హాములలో ఎవరైన మరణించినచో వారిని ‘సైలెంట్ కీ’ యందురు, అనగా మూగవోయిన తంతిమీట. పూర్వము తంతిమీట తట్టి మాటాడువారు గావున ఈ పేరు వచ్చినది. పాత శక్తివర్ధకములలో పెక్కు ఇట్టివారి యిండ్లనుండియే వచ్చును. భార్యకు దాని విలువ తెలియదు; బిడ్డలకు దాని యపాయము తెలియదు. పాతసామానువాడు తూకమునకు కొనును. లేనిచో కుఱ్ఱవాడు కుతూహలముకొలది మూత విప్పును. ఈ రెండును జరుగరాదు. అరువదియేండ్లనాడు ఒకడు రాత్రులు మేల్కొని ఒక్కొక్క మాటు వేసి కూర్చిన పని, తూకమునకు పోవుట న్యాయము కాదు. ఒక బాలుని ప్రాణము దానికి వెలయగుట అంతకంటె అన్యాయము.

మీ యూరను గాని, మీ చుట్టముల యింట గాని ఇట్టి పెట్టె యున్నచో, దానిమీద అపాయమని చీటి అతికించి, తీగెను చుట్టి, పుస్తకమును దానితోనే కట్టి, ఎత్తుచోట ఉంచుడు. దగ్గరి పట్టణమునందలి హాములకు కబురంపుడు. తెలిసినవాడు వచ్చి చూచును. ఆ విద్యను నేర్వగోరు యువకుడున్నచో, మొదట అతనికి ఆ యేడు నియమములను వల్లెవేయించి, పిదప స్క్రూడ్రైవరు చేతికీయుడు. యంత్రమును బాగుచేయుట నెలదినముల పని. జాగ్రత్తను నేర్పుట పెద్దలు చేయవలసిన పని. అది పుస్తకమువలన వచ్చునది కాదు.